పదియవ నెల ఉపవాసం

ప్రశ్న: బైబిలులో జెకర్యా గ్రంథం 8వ అధ్యాయంలో ‘పదియవ నెల ఉపవాసము’ అనే మాట ఉంది. అది ఏ ఉపవాసం? యూదులు నేటికీ దానిని పాటిస్తున్నారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాటిస్తున్నారు. వసంతంలో వచ్చే యూదుల నెల నీసాను మొదలుకొని లెక్కిస్తే పదవ నెల అయిన తేబేతులో, పదవ రోజున వచ్చే ఈ ఉపవాసాన్ని హీబ్రూలో ‘అసారా బెతేవేత్’ అంటారు. ఇది డిసెంబరులో గాని జనవరిలో గాని, మన శుక్ల దశమికి దగ్గరగా వస్తుంది. యూదా రాజు సిద్కియా ఏలుబడి తొమ్మిదవ ఏట, ఆ రోజునే బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించాడని రెండవ రాజుల గ్రంథం 25వ అధ్యాయం చెబుతోంది. ప్రాకారం కూలినదీ, దేవాలయం తగలబడినదీ ఆ తరువాత, సిద్కియా పదకొండవ ఏట. ఆ రెండింటికీ వేరే ఉపవాసాలు ఉండగా, నగరం ఇంకా నిలిచి ఉన్న నాటి ఈ తొలి దినాన్ని కూడా మరువకపోవడమే నన్ను ఎక్కువగా కదిలించే విషయం.

మన ఏకాదశికి పాలు, పండ్లు పుచ్చుకునేవారు ఉన్నారు గాని, ఇక్కడ వేకువ నుండి చీకటి పడేవరకు మంచినీళ్లు సైతం ముట్టరు. అయితే స్నానానికీ, చెప్పులకూ ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూరు నాటి నిషేధాలు లేవు; రోగులకు, పిల్లలకు మినహాయింపు ఉంది. ప్రార్థనామందిరంలో క్షమాపణ ప్రార్థనలు చేసి, బంగారు దూడ పాపం తరువాత మోషే ప్రజల కోసం వేడుకున్న నిర్గమకాండ భాగాన్ని చదువుతారు. నేటి పంచాంగం ప్రకారం సమాజమంతా పాటించే ఉపవాసాలలో శుక్రవారం పడగలది ఇదొక్కటే. 2025 జనవరి 10న అలాగే పడింది. అప్పుడు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాతు ప్రవేశించినా చీకటి పడేదాకా ఆగి, ద్రాక్షారసంతో కిద్దూషు అనే ఆశీర్వచనం చెప్పిన తరువాతే భోజనం చేస్తారు.

ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల పీఠం ఈ దినానికి మరొక అర్థాన్ని చేర్చింది. నాజీల చేతిలో హతులైన దాదాపు 60 లక్షల యూదులలో ఎందరో ఏనాడు మరణించారో వారి బంధువులకు తెలియదు. తేదీ తెలియనిదే ఏటా ఆ రోజున, మృతుల స్మృతిలో చెప్పే కద్దీషు ప్రార్థన చెప్పడం ఎలా? అటువంటి వారందరికీ ఈ దినాన్నే నిర్ణయించారు. చనిపోయిన తిథి తెలియని పితరులకు మహాలయ అమావాస్యనాడు తర్పణం విడిచే మన ఇళ్లలో ఈ ఏర్పాటును వివరించి చెప్పనక్కరలేదు. కద్దీషులో మరణం అన్న మాట రాదు. అది మొదటి నుండి చివరి వరకు దైవస్తుతి, శాంతి కోసం వేడికోలు మాత్రమే.