ఫోన్‌లో నేర్చుకునేది నిజమేనా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు, అడిగితే ‘నేర్చుకుంటున్నానమ్మా’ అంటాడు. సోషల్ మీడియా వల్ల కొత్త ఆవిష్కరణలు నిజంగా త్వరగా వస్తాయాండీ?
- ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వస్తాయమ్మా, కాకపోతే రీల్స్ చూస్తే కాదు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు, మీవాడిలాగే స్టూడెంటే, తను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్) గురించి ఇంటర్నెట్‌లో చెప్పి సలహాలు అడిగాడు. ముక్కూముఖం తెలియనివాళ్లు తప్పులు దిద్దారు, కోడ్ పంపారు, ఇప్పుడు మీవాడిది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున ఉన్నది ఆ కుర్రాడు మొదలుపెట్టిన లినక్సే. కరోనా వైరస్ జన్యుక్రమాన్ని 2020 జనవరిలో ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేశారు, మార్చి 16కల్లా అమెరికాలో మనుషుల మీద టీకా ప్రయోగం మొదలైంది (దాని వెనక ఏళ్ల పరిశోధన ఉందనుకోండి). పుకార్లదీ అదే స్పీడు. మీవాణ్ని తిట్టకుండా, ఈ వారం ఎవరి డౌట్ తీర్చావురా అని అడిగి చూడండి.