డ్రమ్ కోర్ దుస్తులు: బట్టల లారీ దగ్గర మూడు వేసవులు

అమెరికాలో ఇత్తడి బాకాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో కవాతు చేసి పోటీపడే డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్ బృందాలు ఒకప్పుడు సైనికుల్లా కోటు, ఎత్తు టోపీ వేసుకునేవి కదా, ఇప్పుడు నాట్యం చేసేవాళ్లలా ఒంటికి అతుక్కునే దుస్తులకు ఎందుకు మారాయి, అభిమానులు పాతవాటినే ఎందుకు తలుచుకుంటారు అని అడిగారు.

మా అమ్మాయి 2015 నుంచి మూడు వేసవులు ఒక కోర్‌లో మెలోఫోన్ అనే ఇత్తడి బాకా వాయించింది. మొదటి రెండేళ్లు పాత తరహా దుస్తులు, మూడో ఏడు కొత్తవి. సెలవు దొరికిన వారాల్లో నేను బృందం దుస్తులు మోసే లారీ దగ్గర కుట్టుపనికి వెళ్లేదాన్ని. మా నాన్న తెనాలిలో దర్జీ. కాజాలు కుట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా సూది పట్టుకున్న మనిషి చూసిన సంగతి.

అసలు వాద్యకారుడి దుస్తులు గుర్తుపట్టడం కోసం పుట్టాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జి వాషింగ్టన్ సైన్యంలో డప్పు, పిల్లనగ్రోవి వాయించేవాళ్ల కోట్లకు పటాలం రంగులను తిరగేసి వేసేవారు, అంటే కోటు రంగు అంచులకు, అంచుల రంగు కోటుకు. సేనాని ఆజ్ఞ డప్పు మోతగానే సైనికులకు చేరేది కాబట్టి, తుపాకుల పొగలో డప్పు వాయించేవాడు ఎక్కడున్నాడో అధికారికి వెంటనే కనబడాలి. ఇప్పటి అమెరికా సైన్యంలోని ఓల్డ్ గార్డ్ ఫైఫ్ అండ్ డ్రమ్ కోర్ ఎర్ర కోటు, మూడు మూలల టోపీ వేసుకునేది ఆ ఆనవాయితీ ప్రకారమే.

మీరడిగే పోటీ బృందాల్లో చాలావాటిని మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలు పెంచి పోషించాయి. వాళ్ల పోటీల్లో బృందాన్ని వరసగా నిలబెట్టి తనిఖీ చేసేవారు. బూటుకు మెరుగు లేకపోయినా, దారప్పోగు వేలాడుతున్నా మార్కు తగ్గేది. 1971లో ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ ఏర్పడి, 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగేనాటికి ఒక్కో బృందానికి ఒక్కో రూపం స్థిరపడుతూ వచ్చింది.

నా కళ్లకు అన్నిటికన్నా అందమైనది న్యూజెర్సీలో 1934లో మొదలైన కెడెట్స్ బృందానిది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యార్థుల కోటు కత్తిరింపు, జేవురు రంగు, కింద మీగడ రంగు ప్యాంటు. ఆ ప్యాంటు వెనక ఎంత ధైర్యం ఉందో కుట్టేవాళ్లకు తెలుస్తుంది. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు అయితే ఒకరి కాలు అరక్షణం ఆలస్యమైనా పైనుంచి చూసేవాళ్లకు తెలియదు. మీగడ రంగులో ప్రతి మోకాలూ కనిపిస్తుంది. మా కాళ్లు చూడండి, తప్పుంటే చెప్పండి అన్నట్టే. ఆ బృందం 2024లో మూతపడిందని చదివిన రోజు చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

శాంటా క్లారా వాన్‌గార్డ్ అనగానే ఆస్ట్రేలియా సైనికుల టోపీ గుర్తొస్తుంది. రాక్‌ఫర్డ్‌కు చెందిన ఫాంటమ్ రెజిమెంట్‌కు తెల్ల హెల్మెట్లు. ఇలినాయ్ కావలియర్స్‌ది ఆకుపచ్చ. మైదానం అవతలి మూల ఒక బృందం నీడలో నిలబడి ఉన్నా ఫలానావాళ్లు వచ్చారని జనం లేచి నిలబడేవారు. ఒక్క స్వరం వినకముందే.

ఆ కోటు అందం కోసమే అనుకోకండి. పొట్టి కోటు, ఛాతీ దాకా వచ్చే ప్యాంటు కలిస్తే కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. ఛాతీ మీద ఏటవాలుగా పట్టీ ఉంటే, ఒళ్లు ఎటు తిరిగిందో స్టేడియం చివరి వరసకు కూడా తెలుస్తుంది. టోపీ, దాని మీది తురాయి కలిసి మనిషికి దాదాపు అడుగు ఎత్తు ఇస్తాయి. బృందంలోని తురాయిలన్నీ ఒక్కసారిగా పక్కకు తిరిగితే ఆ తిరుగుడు గాలిలో గీత గీసినట్టు ఉంటుంది.

మరి ఎందుకు మార్చారు? ఇప్పటి ప్రదర్శనలో పిల్లలు నేల మీద దొర్లుతారు, ఎగురుతారు, ఒకరినొకరు ఎత్తుతారు. గడ్డం కింద పట్టీ బిగించిన ఎత్తు టోపీతో అవేవీ కుదరవు. ప్రతి ఏడూ కొత్త కథ, కొత్త రంగులు కావాలి. బట్ట మీద నేరుగా డిజైన్ ముద్రించే పద్ధతి వచ్చాక అది సాధ్యమైంది. 2016లో ఒహాయోలోని కాంటన్ నుంచి వచ్చిన బ్లూకోట్స్ టోపీలు లేకుండా ఆడి గెలిచారు. నీలం కోట్ల పోలీసుల గౌరవార్థం పేరు పెట్టుకున్న బృందమే నీలం కోటు పక్కన పెట్టింది. ఆ తర్వాత మిగతావాళ్లకూ జంకు పోయింది.

ఇంకో కారణం ఎండ. జూలైలో టెక్సాస్‌లో పాత కోటు విప్పిన పిల్లను చూస్తే తల్లి మనసు తట్టుకోలేదు. అస్తరు వేసిన మందపాటి గుడ్డ, లోపల చెమట ధార. ఆ కోట్లను రోజూ ఉతకలేం. లోపలి వైపు పైకి తిప్పి వేలాడదీసి, నీళ్లు కలిపిన వోడ్కా చల్లి వాసన పోగొట్టేవాళ్లం. మూడో ఏడు సాగే గుడ్డ దుస్తులు వచ్చాయి. రాత్రికి ఉతికితే తెల్లారేసరికి ఆరేవి. అమ్మాయి ముఖంలో అలసట తగ్గింది. ఆ మార్పు తప్పని నేను అనలేను.

అయినా ఒక రాత్రి మరచిపోలేను. రెండో ఏడు, మైదానంలోకి వెళ్లే సొరంగం దగ్గర ఒక ట్రంపెట్ పిల్ల కోటు మెడ హుక్కు ఊడింది. విప్పే సమయం లేదు. ఒంటి మీద బట్ట కుట్టకూడదని మా అమ్మ మాట గుర్తొచ్చింది, కానీ ఫోను వెలుగులో కుట్టేశాను. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. గొంతు పక్కన నరం కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది. దారం తెంపాక టోపీ వంచింది. తురాయిని ఇత్తడి గొట్టంలో దింపి, నిటారుగా ఉందో లేదో వెనక్కి జరిగి చూశాను. అప్పటిదాకా వణుకుతున్న పిల్ల తల ఎత్తేసరికి వేరే మనిషి. సాగే గుడ్డతో అంతటి మార్పు నేను చూడలేదు. కొత్త పద్ధతి పోగొట్టినది ఇదేనని నా నమ్మకం.

కొత్త దుస్తులు ఒక్క ఏడాదివే. మా అమ్మాయివి మా బీరువాలో ఉన్నాయి. పాత కోట్లు చేతులు మారేవి. ప్యాంటు అంచుకు వరసగా నొక్కుడు గుండీలుండేవి, పొడుగు పిల్లకు దింపి పొట్టి పిల్లకు మడవడానికి. కోటు అస్తరు మీద, కుడి చంక కింద, అంతకుముందు తొడిగినవాళ్ల పేర్లు సిరాతో రాసి ఉండేవి. చెమటకు సగం చెదిరిన నాలుగు పేర్ల కింద మా అమ్మాయి తన పేరు తెలుగులో రాసుకుంది.