గిటార్ తగ్గితే బ్యాండ్ మారిపోయినట్టేనా?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం ఒకే ఇండీ పాప్ (ప్రధాన స్రవంతికి కాస్త పక్కగా నడిచే పాప్ సంగీతం) బ్యాండ్‌కి వీరాభిమానులం. కొత్త ఆల్బమ్‌లో గిటార్లు తగ్గి సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ శబ్దాలు) నిండిపోయాయి. ఇద్దరు ‘ఇదే వీళ్ల బెస్ట్’ అంటున్నారు. నాకైతే మనసు విరిగింది. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసండీ. ఎంజీఎంటీ అనే అమెరికన్ బ్యాండ్ తొలి ఆల్బమ్ (2007)లో ‘కిడ్స్’ ఒక్కసారి వింటే చాలు, ఆ కీబోర్డ్ ట్యూన్ రోజంతా వదలదు. 2010లో వాళ్ల రెండో ఆల్బమ్ ‘కంగ్రాచ్యులేషన్స్’ వచ్చేసరికి అలాంటి పాట కోసం వెతికినవాళ్లు ఉసూరుమన్నారు. అందులో ‘సైబీరియన్ బ్రేక్స్’ పాట దాదాపు 12 నిమిషాలు! ఒక ట్యూన్ చెవికి ఎక్కేలోపే ఇంకోదానిలోకి జారిపోతుంది. నాకు ఆ జారుడే ప్రాణం. కానీ కోరస్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) కోసం ఎదురుచూసేవాళ్లకి అది నిజంగా లోటే, కాదనను.

మీ గొడవకి ఒక కారణం మిక్సింగ్‌లో (గొంతునీ వాయిద్యాలనీ కలిపే పనిలో) ఉండొచ్చు. సింథ్‌లు దట్టంగా పరిచి గొంతుకి రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు వినిపించే మోత) ఎక్కువ పెడితే మాటలు వెనక్కి పోతాయి. సాహిత్యం కోసం వినేవాళ్లకి పాట దూరమైనట్టుంటుంది. సౌండ్ కోసం వినేవాళ్లకి పండగే. మీరు మొదటి రకం అనుకుంటాను.

షఫుల్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆల్బమ్‌ని వరసగా వినండి. ఒకసారి బేస్, డ్రమ్స్ మీదే చెవి పెట్టండి. ఇండీ పాప్‌లో బ్యాండ్ అసలు పోకడ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. ‘డబ్బుకి అమ్ముడుపోయారు’ అని మాత్రం అనకండి. ఆ మాటకి సింథ్ ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు.