కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఏం జరుగుతుంది? ఒక నాన్నగారికి నా జవాబు

ఒక నాన్నగారు రాసిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి పెడుతున్నా: "మా వాడికి పద్దెనిమిదేళ్ళు. మార్కులు బానే వస్తాయి, కానీ ముందు ఏం చదువుతావురా అంటే ఏమో అంటాడు, ఫోన్లో తల దూర్చేస్తాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ప్రొఫెషనల్ కెరీర్ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్దామని మా ఆవిడ అంటోంది. అక్కడ అసలు ఏం చేస్తారు? ఒక్కసారి వెళ్తే తేల్చి చెప్పేస్తారా? టెస్ట్ ఒకటి రాయిస్తే సరిపోదా? వాడితో పాటు నేను కూడా లోపల కూర్చోవచ్చా?"

నమస్తే అండి. రెండో ప్రశ్నకి ముందు చెప్పేస్తా, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. తేల్చి చెప్పరండీ. ఒక గంట మాట్లాడి "మీ వాడు ఇది చదవాలి" అని బల్ల గుద్ది చెప్పేవాళ్ళు దొరికితే థాంక్స్ చెప్పి లేచి వచ్చేయండి. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది డాక్టర్ దగ్గరికి వచ్చినట్టే వస్తారు, వాడికేదో జబ్బుంది, చూసి మందుల చీటీ రాసిచ్చేస్తే తీసుకుని వెళ్ళిపోదాం అని. చీటీ ఇవ్వకుండా వాడికి హోంవర్క్ ఇచ్చి పంపేసరికి మొహాలు చిన్నబోతాయి. అందుకే ముందే చెప్తున్నా, మొదటిసారి వెళ్ళొచ్చాక మీకు జవాబుల కన్నా ప్రశ్నలే ఎక్కువ ఉంటాయి, ఉండాలి కూడా.

ఈ పని మొదలైన తీరు కూడా అలాంటిదే. అమెరికాలో బోస్టన్లో ఫ్రాంక్ పార్సన్స్ అని ఒకాయన 1908లో యువతకి వృత్తి ఎంచుకోడంలో సాయం చేసే బ్యూరో ఒకటి పెట్టాడు, మా వృత్తికి తాత లాంటివాడనుకోండి. ఆయన కూడా ఇంజినీరింగ్ చదివి, పాఠాలు చెప్పి, లా చేసి, ఇలా ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి తిరిగినవాడే (నాకు ఇది తల్చుకుంటే భలే సంతోషంగా ఉంటుంది). ఆయన చెప్పింది సింపుల్‌గా ఇంతే, నువ్వేంటో తెలుసుకో, బయట పనులు ఎలా ఉంటాయో తెలుసుకో, ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో కూర్చుని సరిగ్గా ఆలోచించు. నూరేళ్ళు దాటిపోయింది, టెస్టులు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఉద్యోగాల పేర్లే మారిపోయాయి, కానీ మంచి కౌన్సెలర్ గదిలో ఇప్పటికీ జరిగేది అదే.

ఇక మొదటి సెషన్‌లో ఏం చేస్తారంటే, దాదాపు అంతా మాటలే. చదువు, మార్కులు అడుగుతారు కానీ వాటి మీద ఎక్కువసేపు ఉండరు, అవి ఎలాగూ కాగితం మీద ఉంటాయి. నేనైతే ఎవరూ చెప్పకుండా, పరీక్ష లేకుండా, నీ అంతట నువ్వు టైం మర్చిపోయి చేసిన పని ఏంటని అడుగుతా. చాలామంది పిల్లలు ఏమీ లేదండీ అంటారు, ఇంకాస్త తవ్వితే ఫ్రెండ్స్ గొడవ పడితే మధ్యలో నేనే రాజీ చేస్తా అనో, పాడైన వస్తువు కనిపిస్తే విప్పకుండా ఉండలేను అనో బయటికొస్తుంది, దాన్ని వాళ్ళు ఎప్పుడూ టాలెంట్ అనుకుని ఉండరు. మీ ఇంట్లో, చుట్టాల్లో ఎవరెవరు ఏం పని చేస్తారని కూడా అడుగుతా. ఎందుకంటే పిల్లలకి తెలిసిన ఉద్యోగాలు మహా అయితే పదో పన్నెండో ఉంటాయండీ, అందులో సగం చుట్టాలవి, సగం సినిమాల్లోవి. తెలియని దాన్ని ఎలా కోరుకుంటాడు పాపం? మీ వాడి "ఏమో" లో సగం ఇదే అయ్యుండొచ్చు. డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడాలి, ఇంట్లో ఎంత వరకు చదివించగలరు, అప్పు చేయాల్సొస్తే ఎవరు తీరుస్తారు, ఇవన్నీ. ఇది ఎత్తకుండా కలల గురించే మాట్లాడే కౌన్సెలింగ్ గాల్లో మేడ కట్టడమే.

టెస్టుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీరు "టెస్ట్ ఒకటి రాయిస్తే సరిపోదా" అన్నారు. టెస్టుల్లో రెండు మూడు జాతులున్నాయి, జనం అన్నీ ఒకటే అనుకుంటారు. ఆప్టిట్యూడ్ టెస్ట్ అంటే లెక్కలు, భాష, ఆకారాలు తిప్పి ఊహించుకోవడం ఇలాంటి వాటిలో ఏది నీకు తేలిగ్గా పట్టుబడుతుందో చూసేది. ఇంట్రెస్ట్ టెస్ట్ వేరు, అందులో తప్పొప్పులు ఉండవు, ఏ పని ఇష్టం ఏది కాదు అని నువ్వు చెప్పిందే ఒక పద్ధతిలో సర్ది నీకే తిరిగి చూపిస్తుంది. వీటిలో చాలావాటి వెనక ఉన్నది జాన్ హాలండ్ అనే సైకాలజిస్ట్ 1959 నుంచి చెప్తూ వచ్చిన ఆలోచన. మనుషుల ఇష్టాల్నీ, పనుల్నీ ఒకే ఆరు రకాలుగా చూడొచ్చంటాడాయన. చేతుల్తో యంత్రాల్తో చేసేవి, పరిశోధించి కారణం కనుక్కునేవి, కొత్తగా సృష్టించేవి, మనుషులకి సాయం చేసేవి నేర్పించేవి, పదిమందిని ఒప్పించి నడిపించేవి, లెక్కా పత్రం పద్ధతిగా చూసేవి. ఒక్కో రకానికి ఒక ఇంగ్లీషు అక్షరం గుర్తు, ఏ ఒక్కరూ ఒకే గడిలో ఉండరు కాబట్టి ఎక్కువ స్కోరొచ్చిన మూడు రకాల అక్షరాల్ని కోడ్‌గా ఇస్తారు. రిపోర్ట్‌లో ఇలాంటి మూడక్షరాలు కనిపిస్తే కంగారు పడకండి, అది జాతకం కాదు, ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెప్పే గుర్తు అంతే.

ఇంట్రెస్ట్ ఎక్కువొచ్చిందంటే సత్తా ఉన్నట్టు కాదు, తక్కువొచ్చిందంటే చేతకాదని కాదు. ఇది నేను కూడా దెబ్బ తినే నేర్చుకున్నా. పని మొదలెట్టిన కొత్తలో ఒక అమ్మాయికి రిపోర్ట్‌లో సాయం చేసే పనుల వైపు స్కోరు బాగా ఎక్కువొస్తే ఎగురుకుంటూ ఆ దారులన్నీ చదివి వినిపించా, ఆ అమ్మాయి మర్యాదగా అంతా విని, "మేడం, మా ఇంట్లో నానమ్మని నాలుగేళ్ళుగా నేనే చూసుకుంటున్నా, అందుకే అన్నిటికీ ఔనని పెట్టా, నాకు ఇంక ఆ పని వద్దు" అంది. టెస్ట్ తప్పు చెప్పలేదు, నేనే అడగాల్సింది అడగలేదు. అప్పట్నుంచి రిపోర్ట్ తెరిచేముందు "ఇందులో ఏం వచ్చుంటుందని నీ అంచనా" అని పిల్లల్నే అడుగుతా.

ఇంకో సంగతి, పర్సంటైల్ అని రాసుంటే అది మార్కుల పర్సెంట్ అనుకోవద్దు. 70వ పర్సంటైల్ అంటే పోల్చి చూసిన గుంపులో దాదాపు 70 శాతం మంది కన్నా పైన ఉన్నాడని. ఆ గుంపు ఎవరు, మీ వాడి వయసు వాళ్ళేనా, అదే భాషలో చదివినవాళ్ళేనా అని అడగండి, అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా. నాలుగక్షరాల పర్సనాలిటీ టైపుల టెస్ట్ కూడా బాగా నడుస్తోంది, మాట్లాడుకోడానికి సరదాగా ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుని కోర్సు ఎంచుకోకండి. అందులో బాగా పేరున్న టెస్ట్ అమ్మేవాళ్ళే దాంతో ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేయొద్దని చెప్తారు. ఇక వేలిముద్రలు చూసి కెరీర్ చెప్తామనేవాళ్ళున్నారు, దానికి సైన్స్ ఆధారం లేదు, డబ్బులు దండగ.

మరి అన్నీ కరెక్ట్‌గా చెప్పారే అని వెళ్ళొచ్చినవాళ్ళు అంటారేంటి అంటారా? 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన స్టూడెంట్స్‌కి పర్సనాలిటీ టెస్ట్ పెట్టి ఒక్కొక్కరికీ విడివిడిగా రిపోర్ట్ ఇచ్చాడు, ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులెయ్యమన్నాడు, సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. "నీలో బయటపడని సత్తా చాలా ఉంది" అంటే ఎవరు కాదంటారు చెప్పండి! మీ వాడి రిపోర్ట్‌లో కూడా పక్కింటి పిల్లాడికి ఇచ్చినా సరిపోయే వాక్యాలు ఎన్నున్నాయో పెన్సిల్‌తో గీత గీసి చూడండి.

సరే, మరి ఏది పనిచేస్తుంది? 2000లో స్టీవెన్ బ్రౌన్, నాన్సీ ర్యాన్ క్రేన్ అనే ఇద్దరు అంతకుముందు జరిగిన స్టడీలన్నీ ముందేసుకుని, కెరీర్ కౌన్సెలింగ్‌లో నిజంగా తేడా తెచ్చేవి ఏంటని చూశారు. అయిదు తేలాయి. స్టూడెంట్ చేత రాయించడం, టెస్ట్ ఫలితాన్ని ఆ మనిషికి తగ్గట్టు కూర్చుని వివరించడం, ఉద్యోగాల గురించి అసలైన సమాచారం ఇవ్వడం, ఆ దారిలో నడిచినవాళ్ళని చూపించడం, ఇంట్లోనూ బయటా అండగా నిలిచేవాళ్ళని కూడగట్టడం. మొదటిది విని మా వాడు రాయడండీ అంటారు అందరూ. పేజీలక్కర్లేదు, మూడు దారులు అనుకుంటే ఒక్కోదాని కింద నాకు నచ్చేది, భయపెట్టేది, ఇంకా తెలియనిది అని నాలుగు ముక్కలు చాలు. నోటితో అన్నప్పుడు మూడూ సమానంగా కనిపిస్తాయి, రాసేటప్పుడు ఒకదాని దగ్గర పెన్ను ఆగిపోతుంది, అక్కడే అసలు విషయం ఉంటుంది.

కాబట్టి ఒక్కసారితో అవదు, సాధారణంగా నాలుగైదు సార్లు కూర్చోవాలి, మధ్యలో గ్యాప్ కావాలి. ఆ గ్యాప్‌లోనే సగం పని జరుగుతుంది, ఆ ఉద్యోగం చేస్తున్న మనిషిని కలిసి ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో అడగడం, వీలైతే ఒక పూట వెళ్ళి చూడటం లాంటివి. మీరు జీతం ఎంతని అడిగి రమ్మంటారు, అది కూడా అడగాలి కానీ "ఈ పనిలో మీకు విసుగొచ్చేది ఏంటి" అన్నది మర్చిపోకుండా అడిగి రమ్మనండి, ఆ విసుగు భరించగలనా లేదా అన్నదే చివరికి తేలుస్తుంది. రెండు మూడు సెషన్లయ్యాక మీ వాడు ముందుకన్నా ఎక్కువ గందరగోళంగా కనిపించొచ్చు, డబ్బులు పోశాం ఇంకా చెడిపోయాడు అనుకోకండి, ముందు రెండే దారులు తెలిసినవాడికి ఇప్పుడు ఏడు కనిపిస్తున్నాయి మరి.

కానీ ఒకటి గమనించాలి. దేని మీదా ఇష్టం లేదు, ఒకప్పుడు ఇష్టమైన ఆటలు, ఫ్రెండ్స్ కూడా వద్దు, నిద్ర సరిగ్గా లేదు, ఇలా వారాల తరబడి ఉంటే అది కెరీర్ సమస్య కాకపోవచ్చు. మంచి కౌన్సెలర్ అక్కడితో ఆగి, ముందు సైకాలజిస్ట్‌నో డాక్టర్నో కలవమంటారు, అలా అన్నారని నొచ్చుకోవద్దు.

మీరు లోపల కూర్చోవచ్చా అన్నారు. మొదట్లో ఓ పావుగంట అందరం కలిసి, ఆ తర్వాత మీరు బయట, వాడొక్కడే లోపల, మళ్ళీ చివర్లో వాడు ఒప్పుకున్నంత మేరకు అందరం కలిసి. నా పద్ధతి ఇది, చాలామందిదీ దాదాపు ఇలాగే ఉంటుంది. మీరు గదిలో ఉన్నంతసేపూ వాడు నా ప్రశ్నకి జవాబు మీ మొహం చూసి చెప్తాడండీ, అంతే. వాడు నాతో చెప్పింది మీకు చెప్పను, ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తేనో చట్టం చెప్పమంటేనో తప్ప. ఇంటికెళ్ళాక "మేడంతో ఏం చెప్పావ్" అని క్రాస్ ఎగ్జామిన్ చేస్తే రెండో సెషన్‌కి వచ్చేది మీ వాడి ఒళ్ళు మాత్రమే, మనసు రాదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఎంచుకునేటప్పుడు మొహమాటపడకండి, ఫోన్లోనే అడిగేయండి. ఏం చదివారు, కౌన్సెలింగ్‌లో ట్రైనింగ్ ఉందా, ఏ టెస్ట్ వాడతారు, రిపోర్ట్ చేతికిచ్చి పంపేస్తారా లేక కూర్చుని చెప్తారా, మొత్తం ఎన్ని సెషన్లు, ఫీజు అంతా కలిపి ఎంత. ఇంకోటి కాస్త ఇబ్బందిగా ఉన్నా అడగాల్సిందే, కాలేజీల నుంచి కమీషన్ తీసుకుంటారా అని. తీసుకునేవాళ్ళంతా చెడ్డవాళ్ళని అనను కానీ అక్కడికి వెళ్ళేది అడ్మిషన్ పనికి, సలహాకి కాదు, ఆ తేడా తెలిసి వెళ్ళండి. సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినపడితే ఫోన్ పెట్టేయొచ్చు.

చివరిగా ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. ఉత్తరం మొత్తంలో మీరేమనుకుంటున్నారో ఉంది, మీ ఆవిడ ఏమంటోందో ఉంది, వెళ్దామా అని వాడిని అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. గొడవ లేని రోజు చూసి అడగండి. వద్దంటే ఒక నెల ఆగండి, నేనెక్కడికీ పోను. సరే అంటే అపాయింట్‌మెంట్ ఫోన్ వాడినే చేయమనండి, మీరు చేయొద్దు.