జమైకా అమ్మమ్మకు నివాళి రాయమన్నారు, ఏం రాయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. పెళ్లయ్యాక బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాను. మావారు జమైకాలో పుట్టారు. ఆయనకు మూడేళ్లున్నప్పుడు, 1988లో గిల్బర్ట్ తుఫానుకు ఇంటి పైకప్పు, చేలోని పంట పోవడంతో మా అత్తగారు ఆయన్ను తన తల్లి దగ్గర వదిలి ఇంగ్లండ్ వచ్చేశారు. పదమూడో ఏట గానీ ఆయన తల్లిని చేరలేదు. ఆ అమ్మమ్మ ఈమధ్యే జమైకాలోని సెయింట్ ఎలిజబెత్ ప్రాంతంలో తన ఇంట్లో 91వ ఏట కన్నుమూశారు. అంత్యక్రియల్లో చదివే జీవిత నివాళిని, ‘నువ్వు బాగా రాస్తావు’ అంటూ అందరూ నన్నే రాయమన్నారు. ఆమెను త్యాగమూర్తిగా చూపించమని అత్తగారు, ‘నాకున్న ఒకే ఒక్క తల్లి’ అని రాయమని మావారు, ఎవరి పట్టు వారిది. చివరి ఏళ్లలో ఆమెకు సేవ చేసిన చిన్నత్తగారి పేరు, తాతగారికి మరొకావిడ వల్ల కలిగితే అమ్మమ్మే పెంచిన మామయ్య పేరు ఎక్కడ వేయాలన్నదీ తగువుగానే ఉంది. మావారు ఏడవడం లేదు, అంత్యక్రియలకు వెళ్దామన్నా మాట దాటేస్తున్నారు. మా అమ్మానాన్నలేమో ‘అక్కడ రాత్రంతా తాగి పాడుకుంటారట, ఆరేళ్ల పాపను తీసుకెళ్లకు’ అంటున్నారు. నాకు దిక్కు తోచడం లేదు.

జవాబు: ముందుగా మీ కుటుంబానికి నా సానుభూతి. మీ ఉత్తరంలో చాలా చిక్కులున్నా, నివాళి విషయం ఒకటి తేలితే మిగతావి కొంతవరకు వాటంతటవే సర్దుకుంటాయని నాకు అనిపిస్తోంది, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘త్యాగమూర్తి’ అని రాస్తే, తల్లి దగ్గర లేకుండా గడిచిన పదేళ్ల లోటు ఒక పొగడ్త కింద కప్పబడిపోతుందని మీవారికి బాధ. ‘ఒకే ఒక్క తల్లి’ అని రాస్తే, పరాయి దేశంలో రాత్రింబవళ్లు కష్టపడి డబ్బు పంపిన మనిషికి తల్లి స్థానమే లేదని బంధువులందరి ముందూ చదివి వినిపించినట్టవుతుందని మీ అత్తగారికి భయం. నిజానికి ఈ రెండు మాటల్లోనూ పోయిన పెద్దావిడ గురించి తెలిసేది చాలా తక్కువ. బతికున్న ఇద్దరి మధ్య తేలని లెక్కే వాటిలో ఎక్కువగా ఉంది. కాబట్టి రెండూ వదిలేసి, ఆమె పొద్దున లేచింది మొదలు ఏం చేసేదో, ఎవరి కోసం చేసేదో రాయమని నా సలహా.

రాయడానికి మీ దగ్గర ఏమీ లేదని అనుకోకండి. ఇక్కడ అచ్చువేయని ఉత్తరం చివరి భాగంలో మీరు మాటవరసకు చెప్పినవే చాలు. ఆమె ఉల్లికాడలు, థైమ్ అనే మసాలా ఆకు పండించి, గురువారం రాత్రి లారీ ఎక్కి రాజధాని కింగ్‌స్టన్‌లోని కొరొనేషన్ మార్కెట్‌లో అమ్ముకుని, శనివారానికి ఇల్లు చేరేదన్నారు. దక్షిణ సెయింట్ ఎలిజబెత్ వానలు తక్కువ పడే ఎర్రనేల. అక్కడి రైతులు గినీ గడ్డి కోసి ఎండబెట్టి, తేమ ఆరిపోకుండా పైరు మొదళ్లలో మందంగా పరుస్తారు. ఆ గడ్డి కోసి, మోసి, వంగి పరిచే పని ఎంతటిదో ఊళ్లో వాళ్లకు తెలుసు గానీ, లండన్ నుంచో టొరంటో నుంచో వచ్చి చర్చిలో కూర్చునే మనవలకు, మునిమనవలకు తెలియదు. ఇరవై మంది ఆడవాళ్ల ‘పార్ట్‌నర్’ డబ్బు ఆమె దగ్గరే ఉండేదనీ రాశారు. మన చీటీల పద్ధతే అది. బ్యాంకు గడప తొక్కలేని వాళ్లు ఇల్లు కట్టినా, పిల్లను కాలేజీకి పంపినా, విమానం టికెట్టు కొన్నా చాలాసార్లు ఆ డబ్బుతోనే. రాతకోతలు లేకుండా, నమ్మకం మీద నడిచే ఆ చీటీని ఊరు ఆమె చేతుల్లో పెట్టిందంటే ఆమె ఎలాంటి మనిషో వేరే విశేషణాలు వెతకాల్సిన పని లేదు.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపేసింది మాత్రం దారం సంగతి. ఏటా బడి తెరిచే ముందు ఆమె మనవణ్ణి నేల మీద నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా దారంతో కొలిచి, అక్కడికి తెంపి, దాన్ని ఉత్తరంలో పెట్టి ఇంగ్లండ్ పంపేదన్నారు. మీ అత్తగారు ఆ దారం పట్టుకుని దుకాణానికి వెళ్లి బడి బూట్లు కొని, బియ్యం, సబ్బులు, డబ్బా ఆహారంతో పాటు పీపాలో సర్ది ఓడలో పంపేవారన్నారు. నివాళికి అదే గుండెకాయ. ఒక చివర కొలిచిన చెయ్యి ఉంది, ఇంకో చివర కొన్న చెయ్యి ఉంది. ఎవరిది గొప్ప అని తేల్చకుండా, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో చెప్పేయండి. అది విన్నాక కూడా మీ అత్తగారు తనను తక్కువ చేశారని అనలేరు, మీవారు తన అమ్మమ్మను చిన్నబుచ్చారని అనలేరు.

ఇది మీ ఇంటికే వచ్చిన కష్టం కాదని మీవారికీ తెలియడం మంచిది. అమ్మానాన్నలు ఇంగ్లండ్‌కో అమెరికాకో కెనడాకో వెళ్లి, సరుకుల పీపాలు పంపుతుంటే, అమ్మమ్మల దగ్గరో పిన్నమ్మల దగ్గరో పెరిగిన పిల్లలను జమైకాలో ‘బ్యారెల్ చిల్డ్రన్’ (పీపా పిల్లలు) అంటారు. వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడెట్ క్రాఫర్డ్-బ్రౌన్ ఆ పేరుతోనే వారి మనసుల్లోని లోటును అధ్యయనం చేశారు. పీపా వచ్చిన రోజు ఇంట్లో పండుగే. కానీ పీపా విప్పి కొత్త బూట్లు తొడుక్కున్న పిల్లవాడికి పంపినావిడ ముఖం సరిగా గుర్తుండదు. 2001 తర్వాత సెల్‌ఫోన్లు పల్లెలకు పాకేదాకా తల్లి గొంతు వినడం కూడా ఎప్పుడో ఒకప్పుడే. అందుకే ‘త్యాగం’ అనే మాట నాకు కొంచెం అనుమానంగానే ఉంటుంది. పెద్దవాళ్లు చేసిన త్యాగాన్ని పొగుడుతున్నప్పుడు, ఆ త్యాగం ఖరీదులో సగం చెల్లించిన పిల్లవాడి ఊసు సాధారణంగా ఎవరూ ఎత్తరు. మన తెలుగిళ్లలోనూ పిల్లలను ఊళ్లో తాతమ్మల దగ్గర వదిలి గల్ఫ్‌కు వెళ్లిన తల్లులున్నారు. వారి పిల్లలు పెద్దయ్యాక ఇదే మాట నాకు రాస్తుంటారు.

మామయ్య విషయంలో నేను మెత్తగా చెప్పను. కట్టుకున్న భర్తకు బయట పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చుకుని, తన పిల్లలతో సమానంగా కంచం పెట్టి పెంచడం ఆమె జీవితంలోని పెద్ద పనుల్లో ఒకటి. ఆయన పేరును పిల్లల వరుసలోంచి తీసేస్తే ఆమె చేసిన పనినే కొట్టేసినట్టు. పెళ్లి బయట పుట్టిన పిల్లలకు, పెళ్లిలో పుట్టిన పిల్లలకు మధ్య తేడాను జమైకా చట్టమే 1976లో తీసేసింది; ఆమె అంతకన్నా ముందే తన ఇంట్లో తీసేసినట్టుంది. అచ్చువేసే కార్యక్రమ పత్రంలో ఆయన పేరు వయసు ప్రకారం ఎక్కడ రావాలో అక్కడే రానివ్వండి, పక్కన ఏ వివరణా వద్దు.

చిన్నత్తగారి సంగతి ఇంకో రకం. డబ్బు పంపినవాళ్ల లెక్క కాగితాల మీద ఉంటుంది. రాత్రిపూట లేచి పక్క మార్చినావిడ లెక్క ఎక్కడా ఉండదు. చివరి ఏళ్ల గురించి రాసేటప్పుడు ‘కుటుంబ సభ్యుల సంరక్షణలో’ అని దాటేయకుండా, ఆవిడ పేరు పెట్టి, చేసిన పనులు రెండు మూడు చెప్పండి.

ఇక చదవడం ఎవరన్నది. మీరు రాయండి గానీ మీరు చదవకండి. కోడలు చదివితే ఇష్టం లేని ప్రతి మాటా మీ ఖాతాలో పడుతుంది. చిన్నత్తగారో, పెద్ద మనవల్లో ఒకరో చదివితే అది ఇంటి మాట అవుతుంది. జమైకా అంత్యక్రియల్లో కుటుంబం తరఫున చదివే జీవిత నివాళి ఒకటైతే, పిల్లలు, మనవలు, చర్చివాళ్లు, ఇరుగుపొరుగు విడివిడిగా లేచి మాట్లాడే సమయం వేరే ఉంటుంది. మీవారు ‘నన్ను పెంచింది ఆమే’ అని చెప్పదలుచుకుంటే ఆ చోటు ఉంది. అక్కడ అది ఒక మనవడి మాట, దాన్ని ఎవరూ ఖండించలేరు. చదివే ముందు ఒక ప్రతి మీ అత్తగారికి చూపించండి. తప్పులుంటే దిద్దమనండి, కానీ కొత్త పొగడ్తలు చేర్చమంటే మర్యాదగా ఆగమనండి.

మీవారు ఏడవకపోవడాన్ని రాయితనం అనుకోవద్దు. పదమూడేళ్ల వయసులో విమానం ఎక్కినప్పుడే ఆయన ఆమెను ఒకసారి పోగొట్టుకున్నారు. అప్పుడు అందరూ ‘తల్లి దగ్గరికి వెళ్తున్నావు, అదృష్టవంతుడివి’ అని ఉంటారు, ఏడవడానికి వీలు ఇచ్చి ఉండరు. ఇప్పుడు వెళ్లాలంటే ఆ మొదటి వియోగం కూడా తోడై వస్తుంది. వెళ్లమని బలవంతం చేయకండి, కానీ టికెట్లు వెతికి ఉంచి, ‘నిర్ణయం ఫలానా రోజులోగా చెప్పండి, ఎలాగైనా నేను మీతోనే ఉంటాను’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఊరుకోండి. ఉద్యోగం దగ్గర అమ్మమ్మ అంటే ఒకటి రెండు రోజుల సెలవుతో సరిపెట్టే ప్రమాదం ఉంది. మూడో ఏట నుంచి తల్లి స్థానంలో ఉండి పెంచిన మనిషి అని రాతపూర్వకంగా తెలియజేయమనండి. అలా రాసిపెట్టడం కూడా ఆయనకు ఒక రకంగా మేలు చేస్తుంది. నెలలు గడిచినా నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, బతకడం దండగ అన్నట్టు మాట్లాడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా మీ జీపీ (కుటుంబ వైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లండి. ఆత్మీయులను పోగొట్టుకున్నవారితో మాట్లాడే క్రూజ్ బిరీవ్‌మెంట్ సపోర్ట్ సంస్థ కూడా బ్రిటన్‌లో ఉంది.

మీ అమ్మానాన్నలకు నచ్చజెప్పడం మీరనుకున్నంత కష్టం కాదు. వాళ్లు విన్నది ‘నైన్ నైట్’ గురించి. మరణించిన తొమ్మిదో రాత్రి ఆత్మ చివరిసారి ఇంటికి వచ్చి వెళ్తుందన్న నమ్మకంతో పందిరి వేసి జాగరణ చేస్తారు. పోయినవారి కోసం ఒక బల్ల మీద వేయించిన చేపలు, రొట్టె, తెల్ల రమ్ము ఉంచి, అర్ధరాత్రి దాటేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒకరు కీర్తన పంక్తి చదివితే మిగతావారు అందుకుని పాడతారు, పక్కన ముసలివాళ్లు డామినోలు (చుక్కల బిళ్లలు) బల్ల మీద చప్పుడయ్యేలా కొట్టి ఆడతారు. ఆత్మ తిరిగి వచ్చినా గది గుర్తుపట్టకుండా పరుపు తిరగేసి, సామాను చోటు మార్చడం పాత ఆచారం. మీ నల్గొండలో పండు ముసలివారు పోతే డప్పులతో సాగనంపడం, ‘పిట్టకు పెట్టే’ రోజు పోయినవారికి ఇష్టమైన మాంసం, కల్లు ఆకులో వడ్డించి కాకి కోసం ఎదురుచూడటం మీ నాన్నగారు చూడనివేమీ కావు. ఆ పందిట్లో పెట్టే మేక కూర కూడా మనకు పరాయిది కాదు: 1845 మే 10న ఓల్డ్ హార్బర్ తీరానికి చేరిన మొదటి ఓడతో మొదలై, భారతదేశం నుంచి వెళ్లిన ఒప్పందపు కూలీలు ఆ దీవికి అలవాటు చేసిన వంట అది. అయితే జమైకాలోనే కొన్ని పెంతెకోస్తు కుటుంబాలు రమ్మును, ఆత్మ మాటలను ఒప్పుకోవు. మీ అత్తగారి చర్చి ఏదో ముందే కనుక్కోండి. విదేశాల నుంచి రావాల్సినవాళ్ల కోసం అంత్యక్రియలు వారాల తరబడి ఆపి, ఈ జాగరణను సమాధికి ముందు రాత్రి పెట్టుకోవడం ఇప్పుడు సాధారణమే కనుక, తేదీ అడిగి తెలుసుకున్నాకే టికెట్లు కొనండి.

పాపను తీసుకెళ్లండి. ముత్తవ్వ నిద్రపోయిందనో, ఊరెళ్లిందనో చెప్పకండి. చనిపోయింది, శరీరం పనిచేయడం ఆగిపోయింది, మనం వీడ్కోలు చెప్పడానికి వెళ్తున్నాం అని ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పవచ్చు. శవపేటిక తెరిచి ఉంచడం అక్కడ మామూలే, కాబట్టి దగ్గరికి వెళ్లడం, వెళ్లకపోవడం పాప ఇష్టానికి వదలండి. చిన్నపిల్లలను శవపేటిక మీదుగా ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి అందించే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉంది. పోయినవారి నీడ పిల్లలను వెంటాడకూడదని అలా చేస్తారు. మీకు ఇష్టం లేకపోతే ఆ రోజు అందరి ముందు వారించకుండా, ఇప్పుడే చిన్నత్తగారికి ఫోన్‌లో చెప్పి ఉంచండి.

ఒక్క హెచ్చరిక. అందరూ ఒకచోట చేరినప్పుడు ఆ ఇల్లు, పొలం మాట తప్పకుండా వస్తుంది. కుటుంబం మొత్తానికీ చెందే అలాంటి భూమిని ఎవరూ అమ్ముకోకూడదు, వారసులందరికీ అందులో నిలువనీడ ఉండాలన్నది జమైకా పల్లెల్లో పాత కట్టుబాటు, కానీ పట్టా కాగితాలు వేరే కథ చెబుతుంటాయి. ఆ చర్చలో మీరు గానీ మీవారు గానీ నోరు విప్పవద్దు. అంత్యక్రియలు ముగిశాక అక్కడి న్యాయవాది దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు.

నివాళి చిత్తుప్రతి మొదట చిన్నత్తగారికే పంపండి. మార్కెట్ లారీ ఎక్కిన చోటు, ఆమె ఎప్పుడూ పాడే కీర్తన, చీటీ ఎప్పటిదాకా నడిచిందీ సరిచూసేది ఆవిడే. చదవడానికి ఏడెనిమిది నిమిషాలు దాటకుండా చూడండి.