ఆ పిల్లవాడు వాడిన క్రియాపదం

అమ్మా,

నీ ఉత్తరం, దానితో పంపిన వ్యాసం చిత్తుప్రతి అందాయి. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలు సీ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎలా నేర్చుకుంటున్నారో తెలుసుకోవాలని 12 మందితో విడివిడిగా మాట్లాడావు, సెమిస్టరు పొడవునా ల్యాబులో ఒక మూల కూర్చుని చూశావు, రికార్డింగులన్నీ నీ చేతులతోనే ఎత్తి రాశావు. ఇంత శ్రమకు ఓర్చినవారిని నేను కొద్దిమందినే చూశాను. అయినా 30 పేజీలు చదివాక కూడా ఆ 12 మందిలో ఒక్కరి గొంతూ నాకు వినిపించలేదు. కారణం 19వ పేజీలో దొరికింది. 'ఒక వేరియబుల్ విలువను మరొకదానికి కేటాయించాక మొదటిది ఖాళీ అవుతుందని విద్యార్థి పొరపడ్డాడు' అని రాశావు. వేరియబుల్ అంటే ప్రోగ్రాంలో ఒక విలువను ఉంచుకునే పేరు; ఇక్కడి రెండింటి పేర్లు ఏ, బీ. అనుబంధంలో ఆ సంభాషణ ఉంది కనుక అతను నిజంగా ఏమన్నాడో వెతికి చూశాను: 'ఏ వచ్చి బీకి ఇచ్చేసింది కదా మేడం, ఇంక ఏ దగ్గర ఏముంటుంది?'

నీ వాక్యానికీ అతని వాక్యానికీ మధ్య నీ వ్యాసానికి కావలసిన సరుకంతా జారిపోయింది. తెలుగులో ఏదైనా 'ఇచ్చేస్తే' అది ఇచ్చినవారి దగ్గర మిగలదు. పుస్తకం ఇచ్చేశానంటే నా దగ్గర లేదనే అర్థం. కంప్యూటరు చేసేది మాత్రం ఏ లో ఉన్న విలువకు నకలు తీసి బీ లో ఉంచడం, ఏ లోనిది ఎక్కడికీ పోదు. ఆ పిల్లవాడు తాను వాడిన క్రియాపదం వెంట తిన్నగా నడిచాడు, అతని తర్కంలో లోపం లేదు. మరి ఆ క్రియ అతనికి ఎక్కడి నుంచి వచ్చింది? మూడో వారం నీ పరిశీలన నోట్సు తిరగేస్తే, పాఠం చెబుతున్న అధ్యాపకుడు బోర్డు దగ్గర 'ఇప్పుడు బీకి ఏ వాల్యూ ఇస్తున్నాం' అన్నట్టు నువ్వే రాసుకున్నావు. మనమందరం అలాగే అంటాం. విద్యార్థి పొరపాటు అని నువ్వు పేరు పెట్టినదానిలో సగం తరగతిగది భాషది.

మిగిలినవారి మాటలనూ ఈ కంటితో మళ్ళీ చదువు. ఒకమ్మాయి 'ఏ అంటే 5' అంది, ఇంకొకరు 'ఏ లో 5 వేశాం' అన్నారు, మరొకరు 'ఏ ని 5 చేశాం' అన్నారు. మొదటి అమ్మాయికి ఏ అన్నది బీజగణితంలోని పేరు; అందుకే ఏ కి ఒకటి కలిపి మళ్ళీ ఏ లోనే ఉంచే వరుస వచ్చినప్పుడు 'ఇది తప్పు కదా మేడం' అని ఆగిపోయింది. రెండోవారికి అది పెట్టె. మూడోవారికి అది కాలంతో మారే స్థితి. వీటన్నింటినీ ఇంగ్లీషులోకి మార్చి 'అసైన్ చేశారు' అన్న ఒకే మాట కింద చేర్చేశావు. వ్యాసం ఇంగ్లీషులోనే అచ్చు కావాలన్న నీ ఇబ్బంది నాకు తెలుసు. అయినా పిల్లల మాటను తెలుగులోనే ఉంచి, పక్కన అనువాదమూ, ఆ క్రియ మీద రెండు వాక్యాల వివరణా ఇవ్వు. విశ్లేషణ మాత్రం ఎప్పుడూ మూలం మీదనే చెయ్యి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫెరెన్స్ మార్టన్, ఆయన సహచరులు 1970లలో మొదలుపెట్టిన ఫినామినోగ్రఫీ నీకు ఇక్కడ పనికొస్తుంది. ఒకే విషయం వేర్వేరు మనుషులకు ఎన్ని తీరుల్లో కనిపిస్తోంది అన్నదే ఆ పద్ధతి అడిగే ప్రశ్న. 1992లో షెర్లీ బూత్ అక్కడే, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మీద ఇదే దృష్టితో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఈ దారి పడితే ఒక జాగ్రత్త తప్పదు. నువ్వు తయారుచేసే వర్గాలు అందరి మాటలనూ కలిపి చూసినప్పుడు కనిపించే తీరులు, అవి ఒక్కొక్క పిల్లవాడి మెడలో వేసే బిళ్ళలు కావు. ఒకే విద్యార్థి అరగంటలో 'పెట్టాం' అనీ 'ఇచ్చేసింది' అనీ రెండూ అనగలడు.

అలాగని ప్రతి క్రియకూ ఒక సిద్ధాంతం అంటగట్టకు. రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ గురించి 'కంపైలర్ తీసుకోవట్లేదు', 'ఎర్రర్ కొడుతోంది' అని ల్యాబులో అందరూ అంటారు. బండి మొరాయిస్తోంది అన్నవాడు బండికి మనసుందని నమ్మనట్టే ఇదీను. కానీ నీ ఏడో రికార్డింగులో ఒకబ్బాయి 'నేను ఏం చేయాలనుకున్నానో దానికి తెలుసు కదా' అంటాడు. అది వేరు. యంత్రం లోపల మన ఉద్దేశాన్ని గ్రహించే మనసొకటి ఉందన్న ఈ నమ్మకాన్నే రాయ్ పీ అనే పరిశోధకుడు 1986లో ఒక వ్యాసంలో గుర్తించి, తక్కిన పొరపాట్లన్నింటి వెనుకా ఉన్న పెద్ద పొరపాటుగా చూపించాడు. ఆ వ్యాసం అచ్చయిన పత్రిక అదే సంచికలో, వేరియబుల్‌ను పెట్టెతో పోల్చడం వల్ల కలిగే అయోమయం గురించి బెనెడిక్ట్ డూ బూలే రాశాడు. చిక్కు రాగానే ఆగిపోయేవారు, ఏదో ఒకటి మారుస్తూ సాగేవారు అని నేర్చుకునేవారి తీరులను డేవిడ్ పెర్కిన్స్ బృందం వివరించింది. ఆ మూడూ చదువు. మాట నమ్మకమా, నానుడా అన్నది ఆ తరువాత చేతులు చేసిన పని చూస్తేనే తేలుతుంది. 'ఇచ్చేసింది' అన్న పిల్లవాడే రెండు విలువలను తారుమారు చేసే ప్రోగ్రాంను టెంప్ అనే మూడో వేరియబుల్‌తో సహా తప్పు లేకుండా రాశాడు. టెంప్ ఎందుకని అడిగితే 'రికార్డులో అలాగే ఉంది మేడం' అన్నాడు. అవుట్‌పుట్ సరిగ్గా వచ్చింది, మార్కులూ పడ్డాయి. ఈ ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, దానికి మూడు పేజీలు ఇవ్వాలి.

ఇక ప్రశ్నలు అడిగిన తీరు. 'అర్థమైందా?' అని చాలాచోట్ల అడిగావు. మన పిల్లలు ఆ ప్రశ్నకు ఒకటో తరగతి నుంచీ ఒకే జవాబు నేర్చుకున్నారు. దానికి బదులు మూడు వరుసల ప్రోగ్రాం కాగితం మీద రాసి, ఏం జరుగుతుందో పైకి చెబుతూ వేలితో చూపించమను. తప్పు చెబితే దిద్దకు. నేను కొత్తలో ఒకమ్మాయితో, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ వరుసగా చేయించే లూప్ గురించి మాట్లాడుతుండగా 'లూప్ అన్నీ ఒకేసారి చేసేస్తుంది సార్' అంది. నాలోని మాస్టారు ఆగలేక రెండు నిమిషాలు వివరించాడు. తరువాతి నలభై నిమిషాలూ ఆమె 'అవును సార్' అనే అంది. ఒకేసారి అనడంలో ఆమె మనసులో ఏ బొమ్మ ఉందో నాకు ఎప్పటికీ తెలియకుండా పోయింది. పైగా ఆ పిల్లలకు ఇంటర్నల్ మార్కులు వేసేది నువ్వే. ఆ సంగతి వ్యాసంలో దాచకుండా రాయాలి. వచ్చే విడత మార్కులు వెళ్ళిపోయాకనే మాట్లాడు, లేదా వేరే శాఖలోని స్నేహితురాలిని అడగమను.

'58 శాతం విద్యార్థులు' అన్న మాట కొట్టెయ్యి. పన్నెండు మందిలో ఏడుగురికి శాతం కడితే, నీ పని చేతగాని సర్వేలా కనిపిస్తుంది. గ్లేసర్, స్ట్రాస్ 1967లో ప్రతిపాదించిన గ్రౌండెడ్ థియరీ పేరు కూడా తీసెయ్యి. ఆ పద్ధతిలో కొన్ని సంభాషణలు విశ్లేషించి, వాటిలో తేలినదాన్ని బట్టి తరువాత ఎవరిని ఏమడగాలో నిర్ణయించుకోవాలి. నువ్వు పన్నెండూ పూర్తిచేశాక విశ్లేషణకు కూర్చున్నావు.

ఆడపిల్లల గురించిన నీ అధ్యాయంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉదాహరణ తెచ్చావు. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అక్కడ నాలుగేళ్లపాటు నూరుమందికి పైగా విద్యార్థులతో మాట్లాడారు. ఆ కాలంలో కంప్యూటర్ సైన్సులో చేరేవారిలో అమ్మాయిల వాటా 1995లో 7 శాతం నుంచి 2000లో 42 శాతానికి పెరిగింది. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టు ప్రవేశాల్లో సడలించడం అందుకొక కారణం. అది గొప్ప పని, కానీ మన తరగతుల్లో అమ్మాయిల సంఖ్య తక్కువేమీ కాదు కనుక ఆ ప్రశ్న మనది కాదు. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చున్నప్పుడు కీబోర్డు ఎవరి చేతిలో ఉంటోంది, రికార్డు ఎవరు రాస్తున్నారు అన్నది నీ నోట్సులో తేదీలతో సహా ఉంది. నీ ప్రశ్న అక్కడి నుంచి మొదలవ్వాలి.

ముందుగా ఏడో రికార్డింగు మళ్ళీ విను. పదిహేడో నిమిషం దగ్గర 'కొంత మౌనం' అని రాసి వదిలేశావు. ఆ మౌనం ఎన్ని క్షణాలు సాగిందో, అది ఏ ప్రశ్న తరువాత వచ్చిందో, ఆ తరువాత అతను మొదట అన్న మాట ఏమిటో ఉన్నది ఉన్నట్టుగా రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు