భూగర్భ జలాల్లోని క్రోమియంను సూక్ష్మజీవులు తినేస్తాయా?

తినవు. క్రోమియం మూలకం కాబట్టి దాన్ని ఏ జీవీ మాయం చేయలేదు, రూపం మాత్రం మార్చగలదు. అసలు ప్రమాదం నీళ్లలో కరిగి దూరం పాకే ఆరు వేలెన్సీ క్రోమియంతోనే (అంటే ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన రూపం). అది క్యాన్సర్ కారకం. బోర్ల ద్వారా మొలాసిస్ (చెరకు మడ్డి), లాక్టేట్, ఇథనాల్ లాంటివి మేతగా లోపలికి పంపిస్తే, అక్కడున్న బ్యాక్టీరియా వాటిని తింటూ ముందు ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. తర్వాత నేరుగానో, ఇనుము ద్వారానో ఎలక్ట్రాన్లను క్రోమియంకు అందిస్తాయి. అది మూడు వేలెన్సీకి దిగి, దాదాపుగా కరగని హైడ్రాక్సైడ్‌గా మట్టిలోనే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోని హింక్లీలో ఇథనాల్‌తో ఈ పనే చేశారు.

చిక్కల్లా మోతాదుతోనే. మేత ఎక్కువైతే నేలలోని మాంగనీస్, ఆర్సెనిక్ కరిగి నీళ్లలోకి వస్తాయి, బోర్లు కూడా జిగురు పట్టి పూడుకుపోతాయి. మాంగనీస్ ఆక్సైడ్ ఉన్నచోట క్రోమియం మళ్లీ పాత రూపానికి మారొచ్చు, అందుకే ఏళ్ల తరబడి నీటి పరీక్షలు తప్పవు.